బొట్టు పెట్టిన తుపాకీ

మా ఇంటి బీరువా తెరిస్తే ఇప్పటికీ కుట్టుమిషను వాసన వస్తుంది. నా పెళ్లిచీర, మా అమ్మ పెట్టిన వెంకటగిరి చీర, అన్నింటికీ అదే వాసన. మా ఇంట్లో కుట్టుమిషను ఎప్పుడూ లేదు. మా ఆయన తుపాకీకి ఒక బోల్టు ఉండేది, గుండుని లోపలికి తోసి బిగించే ఇనుప కడ్డీ. దాన్ని విప్పి, మిషను నూనె రాసి, నా చీరల మధ్య దాచేవారు. తుపాకీ ఒకచోట, బోల్టు ఒకచోట ఉండాలట. అది పద్ధతట. ఆ పద్ధతికి ఆయనకి నా పట్టుచీరలే దొరికాయి. పెళ్లిళ్లకి వెళ్తే నా పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు ఎగబీల్చి, "ఎక్కడో మిషను నూనె ఒలికినట్టుందండి" అనేవారు. నేనూ వాళ్లతో పాటు అటూ ఇటూ వెతికేదాన్ని.

ఇది తొంభైల్లో సంగతి. ఆయన మిలటరీలో హవల్దారుగా చేసి, పెన్షను తీసుకుని కొవ్వూరు వచ్చేశారు. మిలటరీలో ఆయన పని తుపాకులు బాగుచేయడం. కొవ్వూరులో బాగుచేయడానికి పడవ ఇంజన్లున్నాయి, పొలం మోటార్లున్నాయి, తుపాకులు మాత్రం లేవు. ఏం తోచక కొన్నాళ్లు ఇంట్లో ఫ్యానూ, కుక్కరూ, తలుపు గడియలూ విప్పి బిగించారు. ఆయన బిగించాక మా వీధి తలుపు గడియ వేస్తే, ఎవరినో లోపల పెట్టి తాళం వేసినట్టు టక్కుమనేది. ఇలాగే ఉంటే ఈ మనిషి నన్ను కూడా విప్పి నూనె రాస్తాడని భయపడుతున్న రోజుల్లో, బ్యాంకులో గన్‌మేన్ ఉద్యోగం వచ్చింది.

ఆ ఉద్యోగానికి షరతు ఒకటే, తుపాకీ మనదే ఉండాలి, దాని లైసెన్సూ మన పేరునే ఉండాలి. అంటే ఉద్యోగం ఇచ్చింది తుపాకీకి. మా ఆయన దాన్ని మోసుకొచ్చే మనిషి. ఈ మాట నేను ఆయనతోనే అన్నాను, ఆయన కాదనలేదు. అప్పటికి మా ఇంటికి గోడలు లేచాయి, పైన రేకులు. పెన్షను తిండికి సరిపోయేది, బ్యాంకు జీతం స్లాబు కోసం. వాన పడితే రేకుల చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. వానాకాలం మేం పోట్లాడుకునేవాళ్లం కాదు, అదొక్కటే రేకుల వల్ల కలిగిన సుఖం. ఆ ఉద్యోగం ఉన్నంతకాలం స్లాబు ఆశ ఉంటుంది, పోతే రేకులే గతి. అందుకని ఆ తుపాకీని నేను తిట్టినా, దాని మీద ఒక కన్నేసి ఉంచేదాన్ని.

తుపాకీ జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చింది. జీడిమామిడి తోటల్లో పందులు పడకుండా ఎవరో పెద్దాయన ఉంచుకున్నది, ఆయన పోయాక వాళ్ల పిల్లలకి అక్కర్లేక అమ్మేశారు. పూర్వం సిపాయిలు మోసిన తుపాకీ, తరవాత ఫ్యాక్టరీలో మామూలు జనం వాడుకునే గుండుకి మార్చారు. కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. దాన్ని చూస్తే మాత్రం పందులు ఎందుకు పారిపోయాయో అర్థమయ్యేది. భుజానికి ఆనించుకునే దగ్గర్నుంచి గొట్టం కింద దాకా ఉండే కర్ర భాగాన్ని ఆయన 'చెక్క' అనేవారు. ఆ చెక్క మసిబారిపోయి, నిలువునా చీలి, రాగితీగతో కట్టి, పైన సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉండేది.

మొదటిరోజు బ్యాంకు మేనేజరు గారు దాన్ని చూసి, "హవల్దారు గారూ, ఇది పేలుతుందాండి?" అని అడిగారట.

"పేలుతుందండి. చెక్కే పగిలింది."

"పర్లేదు, ఉండనివ్వండి. భయంగానే ఉంది."

మేనేజరు గారికి భయంగా ఉంటే చాలు. మా ఆయనకి చాలలేదు. మిలటరీలో ఉండగా ఎవరో పాత ఆఫీసరు గారి తుపాకీ చూశారట. యుద్ధంలో మోసిన మొద్దు తుపాకీనే తీసుకుని, ఒళ్లు తగ్గించి, కొత్త చెక్క తొడిగి, చూడగానే చేతిలోకి తీసుకోవాలనిపించేలా చేయించుకున్నారట ఆయన. అప్పటినుంచీ అలాంటిది తన చేత్తో ఒకటి చేయాలని మా ఆయన కోరిక. కాల్చడానికి కాదు. నాకు తెలిసి ఆయన కొవ్వూరులో ఒక్క గుండూ పేల్చలేదు. ఇనుమూ చెక్కా ఒకదానిలో ఒకటి ఎంత బాగా కూర్చుంటాయో చూడాలి, చూసి ఒక్కడైనా బాగుందనాలి, అంతే. మగాళ్లకి పేకాటో, సారాయో, రాజకీయమో ఉంటుందని మా అమ్మ ముందే చెప్పి పంపింది గానీ, ఇలాంటి పిచ్చి ఒకటుంటుందని ఆవిడకీ తెలియదు పాపం.

ఇక చెక్క వేట మొదలైంది. అక్రోటు చెక్క అయితే మంచిదట, అది కాశ్మీరంలో దొరుకుతుందట. కాశ్మీరం వెళ్లడం కుదరక కడియం వెళ్లారు. నర్సరీ యజమానిని అడిగితే, ఆయన నిజంగానే ఎక్కడో వెతికి ఒక మొక్క పట్టుకొచ్చి, "ఇది తీసుకెళ్లి పాతండి, ముప్పై నలభై ఏళ్లలో మీకు కావలసినంత చెక్క వస్తుందండి" అన్నారట. మా ఆయన ఆ మొక్కని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఎండలు ముదరగానే చచ్చిపోయింది.

తరవాత ఎవరింటికి వెళ్లినా ఆయన చూపు మనుషుల మీద కాకుండా మంచాల మీదా ఉయ్యాల బల్లల మీదా పడేది. వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవారు. మా పెత్తల్లి గారి వియ్యంకుడు పోతే పరామర్శకి వెళ్లాం. అక్కడ ఆడవాళ్లు ఏడుస్తున్నారు, ఈయన గుమ్మం పక్కన నిలబడి ద్వారబంధం మీద టకటకా కొడుతున్నారు. ఆ ఇంటి ఆయన కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "చెద పట్టిందా అండి?" అని అడిగాడు. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చివరికి చెక్క మా పుట్టింట్లో దొరికింది. కోనసీమలో మా అమ్మ పెరట్లో ఒక పెద్ద పనసచెట్టు ఉండేది, తుఫానులో పడిపోయింది. మా అమ్మ దాన్ని కోయించి, పలకలు అటక మీద పెట్టి ఏళ్లతరబడి ఆరనిచ్చింది. ఆ చెక్కతో దేవుడికి మందిరం చేయిస్తానని ఆవిడ మొక్కు. అల్లుడికి చెక్క పని వచ్చని తెలిసి, "మీ చేతులతోనే చేసిపెట్టండి అల్లుడుగారూ" అని పలకలన్నీ మాకు ఇచ్చి పంపింది. ఈయన "అలాగేనండి" అన్నారు. నిజంగా మందిరం చేద్దామనే తెచ్చారు. కానీ చిత్రిక పట్టి ఒక పలక మీద పైపొర లేపగానే లోపల పచ్చగా, పసుపు కలిపిన వెన్నలా మెరిసింది. ఈయన ఆ పలక ముందు అలాగే కూర్చుండిపోయారు. నేను కాఫీ తెచ్చి పెట్టి, అది చల్లారిపోయి, మళ్లీ తీసుకెళ్లినా తెలియలేదు.

"మందిరానికి మిగతావి సరిపోతాయిలే" అన్నారు.

"అది దేవుడి చెక్కండీ."

"దేవుడికి ఈ ఒక్కటీ తక్కువైతే ఏమవుతుంది?"

మందిరం కూడా చేశారు లెండి, చాలా తరవాత. దాని తలుపులు ఎంత బాగా అతికాయంటే, మూస్తే లోపల దీపం గాలి ఆడక ఆరిపోయేది. ఇప్పటికీ మా అమ్మ మందిరం తలుపులు తెరిచిపెట్టే ఉంటాయి.

పగలు బ్యాంకులో పాత చెక్కతో డ్యూటీ. సాయంత్రం వసారాలో విప్పి, ఇనుమంతా పక్కన పరుచుకుని, కొత్త చెక్కలో దానికి గాడి తీయడం. ఆ గాడి తీయడంలో ఒక కిటుకు ఉంది. ఇనుముకి నల్లగా ఏదైనా పూసి చెక్కలో పెట్టి నొక్కాలి. తీసి చూస్తే ఎక్కడ నలుపు అంటిందో అక్కడ చెక్క ఎత్తుగా ఉందన్నమాట. అక్కడ మాత్రం పిసరంత గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ నొక్కాలి, మళ్లీ గీకాలి. చెక్కంతా ఒకేలా నల్లబడిందాకా ఇదే పని. దానికి పట్టణాల్లో ఏదో డబ్బా అమ్ముతారట. ఇక్కడ ఆయనకి దొరికింది నా కాటుక. ఆముదం దీపం మీద రాగిపళ్లెం బోర్లించి, మసి తీసి, నెయ్యి కలిపి నేను చేసుకున్న కాటుక. భరిణె ఖాళీ అయినప్పుడల్లా నా ఒళ్లు మండిపోయేది.

"మీరు దానికి కాటుక పెట్టడమేంటండీ, చోద్యం కాకపోతే?"

"మన ఇంటి కాటుక మెత్తగా ఉందే. బజారుది గరుకు" అన్నారాయన, చాలా మెచ్చుకుంటున్నట్టు.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నా చేతి పని మెచ్చుకున్నది అదొక్కసారి. ఆ మాటకి నేను పడిపోయి, మళ్లీ దీపం వెలిగించి రెండింతలు కాటుక చేసి పెట్టాను.

చెక్క తయారయ్యాక నూనె పట్టించడం. పెయింట్ల కొట్లో అవిసె నూనె కొనుక్కొచ్చి అరచేత్తో రుద్దేవారు. చెయ్యి కాలేదాకా రుద్ది, ఆరబెట్టి, మళ్లీ రుద్దడం. వసారాలో దూలానికి తాడు కట్టి చెక్కని వేలాడదీసేవారు. ఇనుము లేకుండా ఒట్టి చెక్క కాబట్టి, చూసినవాళ్లకి అది తుపాకీదని తెలిసేది కాదు. పాలబ్బాయి వీణ అనుకున్నాడు. ఎదురింటావిడ తెడ్డు అనుకుంది.

మా అమ్మ మందిరం అనుకుంది.

ఒకరోజు ఆవిడ చెప్పాపెట్టకుండా కోనసీమ నుంచి దిగింది. ఆయన బ్యాంకులో ఉన్నారు, నేను రేషన్ షాపులో లైన్లో ఉన్నాను. ఆవిడ వసారాలోకి వచ్చి, దూలానికి వేలాడుతున్న పనస చెక్క చూసింది. తన చెట్టుది, తన చెక్క, నున్నగా తీర్చి ఉంది, పైన నూనె నిగనిగలాడుతోంది. అల్లుడు మందిరం మొదలెట్టాడు, ఇది పైన కమాను కాబోలు అనుకుంది. కొత్తగా తీర్చిన మందిరం చెక్క కనిపిస్తే మా వైపు ఏ ఇల్లాలైనా ఏం చేస్తుందో ఆవిడా అదే చేసింది. కాళ్లు కడుక్కుని, కిటికీలో పెట్టిన తాళంచెవితో తలుపు తీసి, వంటింట్లోంచి పసుపు తెచ్చి, చెక్క వెనక వెడల్పుగా ఉన్న చోట రాసింది. దాని మీద కుంకంతో బొట్లు పెట్టింది. మధ్యలో ఒక పెద్దది, అటూ ఇటూ చిన్నవి. దండం పెట్టుకుంది.

నేను బియ్యం సంచీతో వచ్చేసరికి మా అమ్మ అరుగు మీద కూర్చుని విసురుకుంటోంది. "మీ ఆయనకి ఎంత భక్తే అమ్మాయ్" అంది. నేను తలెత్తి చూశాను.

నూనె ఆరలేదు. తడి నూనెతో పాటు పసుపూ కుంకమా కూడా చెక్క లోపలికి దిగిపోయాయి. తుడిస్తే పోయేది కాదది. ఆయన సాయంత్రం వచ్చి చూసి, సైకిలు స్టాండు వేయడం మర్చిపోయి వదిలేశారు, అది పడింది. గుడ్డ తీసుకుని వెళ్లారు. మా అమ్మ ఎదురొచ్చింది. అప్పటికి అది తుపాకీ చెక్క అని నేను చెప్పేశాను, ఆవిడ తిట్టాల్సింది తిట్టేసింది కూడా. అయినా బొట్టు బొట్టే.

"పెట్టిన బొట్టు చెరుపుతారా అల్లుడుగారూ? మీ ఆవిడ ఎదురుగా నిలబడి ఉండగా?"

ఆయన నా మొహం చూశారు. నేను నా పుస్తెలు చూసుకున్నాను. గుడ్డ పక్కన పెట్టేశారు.

మెల్లిగా ఏదో ఉపాయం చూద్దాంలే, అప్పటిదాకా పాత చెక్కతో నెట్టుకొద్దాం అనుకున్నారు. ఆ పాత చెక్క కూడా మా మీద పగబట్టింది. ఆ వారంలోనే, మేనేజరు గారు లోపలికి వస్తుంటే ఈయన లేచి సెల్యూట్ కొట్టారు. కొట్టగానే రాగితీగ తెగి, చెక్క వెనక ముక్క ఊడి, దొర్లుకుంటూ వెళ్లి మేనేజరు గారి బూటు దగ్గర ఆగింది. "రేపటికి ఇది సరిగ్గా ఉండాలండి, లేకపోతే కష్టం" అన్నారు మేనేజరు గారు. మర్నాడు పనస చెక్క తొడిగి, బొట్టుతో సహా బ్యాంకుకి తీసుకెళ్లారు. ఇంకేం చేస్తారు.

బొట్టు కనిపించకుండా ఆ వైపు తన పొట్టకి ఆనించి కూర్చున్నారట. మధ్యాహ్నానికి ఒక పెద్దావిడ చూసేసింది. బంగారం కుదవ పెట్టడానికి వచ్చిన మనిషి. గుమ్మంలో చెప్పులు విడిచి, వంగి, తుపాకీకి దండం పెట్టి లోపలికెళ్లింది. ఆవిడ వెనకున్నవాళ్లు ఏంటో తెలియకపోయినా ఎందుకైనా మంచిదని వాళ్లూ చెప్పులు విడిచారు. అంతే. వారం తిరిగేసరికి బ్యాంకు గుమ్మం ముందు చెప్పులు కుప్పలు పడేవి. పంటరుణాల రోజుల్లో ఒకరి మీద ఒకరు పడి కౌంటరు అద్దం పగలగొట్టిన జనం, ఒట్టి కాళ్లతో, గొంతు తగ్గించి, వరసలో నిలబడ్డారు. ఒకరి చెప్పులు పోయి గొడవైతే, చెప్పులకి బ్యాంకు బాధ్యత లేదని మేనేజరు గారు బోర్డు పెట్టించారు. క్యాషియరు గారు లూథరన్ చర్చి మనిషి. ఆయన దండం పెట్టేవారు కాదు గానీ, పొద్దున్నే లోపలికి వస్తూ తుపాకీకి గుడ్ మార్నింగ్ చెప్పేవారు.

ఒకావిడ గేదెల లోను రావాలని పసుపు గుడ్డలో రూపాయి కట్టి, మా ఆయన కునికిపాటు పడుతుండగా తుపాకీ బెల్టుకి ముడుపు కట్టేసింది. కొంప మునిగింది ఎక్కడంటే, ఆవిడకి లోను వచ్చింది. ఆ తరవాత బెల్టు నిండా ముడుపులే. ఈయన నడుస్తుంటే చిల్లర గలగలమనేది. ఇంటికొచ్చి ఒక్కొక్కటీ విప్పి, సాయంత్రం వెళ్లి గోదావరి గట్టు మీద గుడి హుండీలో వేసి వచ్చేవారు.

వినేవాళ్లకి నవ్వుగా ఉంటుంది. ఇంట్లో ఆయన అన్నం సరిగ్గా తినేవారు కాదు. ఉద్యోగం గురించి అనుకున్నాను. అది కాదు.

"అందరూ బొట్టు చూస్తున్నారే" అన్నారొకరోజు. "చెక్క ఒక్కడూ చూడలేదు."

"చూసి ఏం చేస్తారండీ వాళ్లు?"

"ఏం చేయక్కర్లేదు. చూడాలి."

నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి వస్తే నేను గిన్నెలు తోముతాను. ఆరోజు కడిగిన గిన్నెలే మళ్లీ తోమాను.

ఈలోగా రాజమండ్రి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్‌కి పెద్దాఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. చాలా కచ్చితమైన మనిషట. మేనేజరు గారు మా ఆయన్ని గదిలోకి పిలిచి, "హవల్దారు గారూ, ఆయన ఇదంతా చూస్తే ముందు మీ ఉద్యోగం పోతుంది, తరవాత నాది. ఆ బొట్టు ఏదో చేసి మాయం చేయండి" అన్నారు. చెరపడం కుదరదు. మా అమ్మ ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తోంది, బొట్టు ఉందా అని. అప్పుడు మా ఆయనకి మిలటరీ బుర్ర పనిచేసింది. పాత కిట్ బ్యాగు కత్తిరించి, చెక్క వెనక భాగానికి సరిగ్గా సరిపోయే కాన్వాసు తొడుగు కుట్టి, తాడుతో లేసులా బిగించారు. బొట్టు కనిపించదు, చెరిపినట్టూ కాదు. నాకు కూడా నచ్చింది. గండం గడిచిందని ఆరోజు పరవాన్నం వండాను.

ఇన్‌స్పెక్షన్ రోజు నేనే క్యారియరు పట్టుకుని వెళ్లాను. ఆ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కళ్లారా చూడకపోతే ఇంట్లో కూర్చోలేననిపించింది. వెళ్లేసరికి బ్యాంకు నిండా జనం, ఒక్కరూ కౌంటరు దగ్గరికి వెళ్లడం లేదు. అందరూ ఒట్టి కాళ్లతో, చేతులు కట్టుకుని, మా ఆయన స్టూలు వైపు తిరిగి నిలబడ్డారు. క్యాషియరు గారు లోపల ఒంటరిగా కూర్చుని ఉన్నారు. గుమ్మంలో ఒకావిడ నన్ను గుర్తుపట్టి మెల్లిగా అడిగింది.

"తెర ఎప్పుడు తీస్తారండి?"

"ఏం తెర?"

"అమ్మవారికి తెర వేశారు కదండి. నైవేద్యం అవుతోందేమో అని ఆగాం."

నాకు ప్రాణం పోయినంత పనైంది. కాన్వాసు తొడుగుని వాళ్లు తెర అనుకున్నారు. గుళ్లో తెర వేసి ఉండగా ఎవరు కదులుతారు? అందులోనూ ఆ క్షణంలో నా చేతిలో క్యారియరు ఉంది. నన్ను చూసి జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు, నైవేద్యం వచ్చింది కదా అని.

సరిగ్గా అప్పుడు మేనేజరు గారి గదిలోంచి ఆ పెద్దాఫీసరు బయటికొచ్చారు. సన్నగా, తెల్లచొక్కా, కళ్లజోడు. జనాన్ని చూశారు, కాళ్లు చూశారు.

"ఎందుకు ఆగిపోయారు వీళ్లంతా?"

మేనేజరు గారు క్యాషియరు గారి వైపు చూశారు. క్యాషియరు గారే చెప్పారు, "తెర తీయలేదనండి."

ఆఫీసరు గారు మా ఆయన దగ్గరికి నడిచారు. "ఆ తొడుగు విప్పండి."

మా ఆయన బోల్టు వెనక్కి లాగి, లోపల గుండు లేదని చూపించి, తొడుగు తాడు విప్పడం మొదలెట్టారు. తొడుగు జారగానే జనమంతా ఒక్కసారి చేతులెత్తి దండం పెట్టారు. వెనక ఎవరో హారతి ఏదండి అని కూడా అడిగారు. ఆఫీసరు గారి మొహం జేవురించింది.

"ఏంటండీ ఇది? బ్యాంకా, గుడా?"

"మా అత్తగారు పొరపాటున పెట్టారు సార్. చెక్కలోకి దిగిపోయింది."

"గీకెయ్యండి. సాండ్‌పేపరు తెప్పిస్తాను. ఇప్పుడే, నా ఎదురుగా గీకెయ్యండి. ఉద్యోగం ఉంటుంది. లేదంటే రేపటినుంచి సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ల మనిషి వస్తాడు."

ఆయన నా వైపు చూశారు. అందరూ నా వైపే చూశారు. బొట్టు చెరపడానికి వీల్లేదని నేను అడ్డం పడతానని అందరి నమ్మకం. నాకు మా రేకులు కనబడ్డాయి. వచ్చే వానాకాలం కనబడింది. మా అమ్మ ఏమన్నా అనుకోనీ అనుకున్నాను.

"గీకెయ్యండి. ఫర్వాలేదు" అన్నాను.

జనంలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. ఒకావిడ నన్ను చూసి "రాతిగుండె" అంది, నాకు వినబడేలాగే. సాండ్‌పేపరు వచ్చింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, బొట్టు పక్కన బొటనవేలితో తడిమి, తల అడ్డంగా ఊపారు.

"కుదరదు సార్."

హాలంతా ఒక్కసారి గుసగుసలు. "భక్తంటే అదండి" అన్నారెవరో. "పెళ్లాం ఒప్పుకున్నా ఆయన ఒప్పుకోలేదు చూడండి" అన్నారింకెవరో. ఒక ముసలాయన వచ్చి మా ఆయన కాళ్లకే దండం పెట్టబోయాడు. వాళ్లెవరికీ వినబడనిది, పక్కనే ఉన్న నాకూ ఆఫీసరు గారికీ మాత్రం వినబడింది.

"ఒకచోట గీకితే అక్కడ పల్లం పడుతుంది సార్. మిగతా నూనె పట్టుకీ దీనికీ కలవదు. అతికినట్టు కనబడుతుంది. అలా పాడుచేయలేను సార్."

ఆఫీసరు గారు చెయ్యి చాచారు. మా ఆయన తుపాకీ అందించారు. ఆఫీసరు గారు బొట్టు ఉన్న వైపు చూడనే లేదు. తిప్పి, వెలుతురు వైపు పట్టుకుని, ఇనుము చెక్కలోకి దిగిన అంచు వెంబడి బొటనవేలి గోరు పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నెమ్మదిగా లాగారు. మళ్లీ ఇంకోసారి లాగారు.

"ఎవరు చేశారిది?"

"నేనే సార్."

"ఏం చెక్క?"

"పనస సార్."

"బాగా కూర్చుంది" అన్నారాయన. తుపాకీ తిరిగి ఇచ్చేసి, కళ్లజోడు సర్దుకుని, "రేపటినుంచి మీరు రానక్కర్లేదండి" అని గదిలోకి వెళ్లిపోయారు.

అలా ఉద్యోగం ఊడింది. సాయంత్రం బ్యాంకు మూసేదాకా ఉండి ఇంటికి బయలుదేరాం, నేను తెచ్చిన క్యారియరు అలాగే తిరిగొచ్చింది. దారి పొడుగునా ఈయన తుపాకీ భుజాన వేసుకుని, సైకిలు నడిపించుకుంటూ ముందు నడుస్తున్నారు, నేను వెనక తిడుతూ నడుస్తున్నాను. స్లాబు అన్నాను, రేకులు అన్నాను, చెక్క పిచ్చి అన్నాను, మీ అతుకూ మీరూ గోదాట్లో దూకండి అన్నాను. నా జన్మలో అంత తిట్టు ఎవరినీ తిట్టలేదు. ఇంటికొచ్చి ఎదురుగా చూస్తే ఆయన మొహం వెలిగిపోతోంది. ఉద్యోగం పోయిన మనిషి మొహం కాదది. అది చూసి నాకు ఇంకా మండింది.

"ఎందుకండీ ఆ నవ్వు?"

"గోరు పెట్టి చూశాడే ఆయన" అన్నారు. "గోరు దిగలేదు."

ఆయన వసారా మెట్టు మీద తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దు వాలుతోంది. నేను క్యారియరు లోపల పెట్టి, నిలబడి, మళ్లీ తిడదామనే బయటికొచ్చాను. ఏం తిట్టాలో అప్పటికి అన్నీ అయిపోయాయి. పక్కన కూర్చున్నాను. నా కాటుకంతా తాగిన చెక్క, మా అమ్మ పెరట్లో నేను ఎక్కి ఆడుకున్న చెట్టు. ఇనుము అంచు దగ్గర నా బొటనవేలి గోరు పెట్టి లాగాను. ఎక్కడైనా ఆగుతుందేమో, ఆగితే ఒక మాట అందామని చూశాను. ఆగలేదు. కళ్లు మూసుకుని లాగితే ఇనుము ఎక్కడ అయిపోయిందో, పనస ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"బాగుందండీ" అన్నాను.

ఆయన తుపాకీ రెండోవైపుకి తిప్పి, నా చేతికి అందేలా పట్టుకున్నారు.

"ఇటు కూడా చూడు" అన్నారు.